ఏ మూడున్నర?

సోమవారం పొద్దున్న హెడ్‌మాస్టర్ సాండర్ స్టాఫ్ రూము బల్ల మీద ఆ కట్ట పెట్టగానే పీటర్నెల్‌కు చిర్రెత్తుకొచ్చింది. అన్నీ ప్లాస్టిక్ తొడుగు వేసిన రంగు కాగితాలు. ఒకదాని మీద చేప ముల్లు, ఇంకోదాని మీద సాలీడు, మరోదాని మీద బాణాలతో కలిపిన డబ్బాలు. వాటిని గ్రాఫిక్ ఆర్గనైజర్లంటారట. పిల్లలు చరిత్రను చెవులతో వింటే చాలదు, కళ్ళతో ఆలోచించాలట. అందుకని ఈ ముళ్ళూ డబ్బాలూ.

"ఇకనుంచి చరిత్ర పీరియడ్లో టీచర్ మాట్లాడేది పది నిమిషాలే. మిగతా టైమంతా పిల్లలు వీటిని నింపాలి," అన్నాడు సాండర్. "గురువారం స్కూలు బోర్డు వాళ్ళు చూడటానికొస్తున్నారు."

"పది నిమిషాలా? వరద కథ కూడానా?"

"వరద కూడా అంతే టీచర్."

సాండర్ హెడ్‌మాస్టరై రెండేళ్ళయినా పీటర్నెల్‌ను టీచర్ అనే పిలుస్తాడు. పిలవక చస్తాడా! పాతికేళ్ళ కిందట ఆరో గ్రూపులో, అంటే తొమ్మిది పదేళ్ళ పిల్లల తరగతిలో, ఇదే బడిలో, ఆవిడ ఎదుట కూర్చుని ముక్కు పీల్చుకుంటూ ఆ వరద కథ విన్నవాడే. విని ఏడ్చి, ఆ పూట డబ్బాలో రొట్టెముక్క ముట్టుకోకుండా ఇంటికి తీసుకెళ్ళినవాడే. ఇవాళ అదే కథకు గడియారం పెడుతున్నాడు.

"నీకు నేను పది నిమిషాల్లోనే చెప్పానుట్రా?"

సాండర్ కాస్త ఎర్రబడ్డాడు. "అది వేరు టీచర్. మీకు ముందే చెప్పడం మంచిదని చెబుతున్నా. గురువారం వాళ్ళకి నచ్చకపోతే వచ్చే ఏడాది నుంచి అన్ని గ్రూపుల చరిత్రా ఈ పద్ధతి నేర్చుకొచ్చిన కొత్త కోచ్‌కి ఇచ్చేస్తారు. మీకు లెక్కలూ, చదివించడమూ మిగులుతాయి."

అదీ సంగతి. రిటైరవడానికి నాలుగేళ్ళుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా పీటర్నెల్ చెప్పిన లెక్కల్లో ఏ ఒక్కటీ ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు. వరద కథ మాత్రం అందరికీ గుర్తుంది. బేకరీలో బోలస్ తీపిరొట్టెలు కొనడానికి వెళ్తే, గల్లాపెట్టె దగ్గర నిలబడ్డ నలభై ఏళ్ళ మనిషి ఇప్పటికీ, "ఆ ఎర్ర టోపీ కుర్రాడు మీ మేనమామే కదూ టీచర్?" అని అడుగుతాడు. అలాంటి కథను ఇంకొకరి చేతిలో పెట్టి, తను పక్క గదిలో భిన్నాలు చెప్పుకుంటూ కూర్చోవాలా? తలుచుకుంటేనే ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

వెస్టర్‌నీస్ జేలాండ్ తీరంలో, సముద్రాన్ని ఆపే గట్టును ఆనుకున్న ఊరు. అక్కడ ఫిబ్రవరి ఒకటో తారీఖు వస్తోందంటే ఆరో గ్రూపు పిల్లలకు ఆ కథ చెప్పాల్సిందే. పంతొమ్మిది వందల యాభై మూడులో, ఆదివారం తెల్లవారకముందు, గట్టు తెగి ఊరు మునిగింది. అప్పటికి పీటర్నెల్ తల్లికి తొమ్మిదేళ్ళు, తమ్ముడు లేండర్ట్‌కు నాలుగు.

మంగళవారం నాడు పీటర్నెల్ ఆ కథను మొదలుపెట్టి, గడియారాన్ని వీపు వెనక పెట్టుకుని, నలభై నిమిషాలు చెప్పింది. కావాలనే చెప్పింది.

గాలికి తలుపులు కొట్టుకోవడం, పక్కింటి కుక్క మొరిగి మొరిగి ఒక్కసారిగా ఆగిపోవడం, నీళ్ళు మెట్ల మీద ఏడో మెట్టు దాకా రావడం. అందరూ పడుకున్న బట్టలతోనే అటక మీదికి ఎక్కడం. అమ్మమ్మ కిందికి దిగి వంటింటి బీరువాలోంచి రొట్టె, బెల్లప్పాకం సీసా పైకి తేవడం. లేండర్ట్ గడ్డం నిండా పాకం పూసుకోవడం. మూడున్నరకు లేండర్ట్ కూర్చున్న వైపు గోడ కూలడం. ఆ తర్వాత పీటర్నెల్ ఎప్పటిలాగే గొంతు తగ్గించింది. "మా అమ్మ అటక కిటికీలోంచి చూసింది. ఎర్ర ఉన్ని టోపీ ఒక్కటే, పియర్ చెట్టు పక్కగా, గుండ్రంగా తిరుగుతూ పోతోంది."

ఇరవై మూడు మంది పిల్లలు కిక్కురుమనలేదు. చూశావురా సాండరూ, ఏ ముల్లుకీ ఏ డబ్బాకీ రాని పని ఇది, అనుకుంది పీటర్నెల్.

తర్వాత, తప్పదు కనుక, కాగితాలు పంచింది.

పావుగంట తిరిగేసరికి ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది. యోస్ట్ అనే కుర్రాడు చేప ముల్లుకు కన్నూ పొలుసులూ గీసి, నోట్లోంచి బుడగలు వదిలిస్తున్నాడు. ఇంకొకడు కారణం అన్న డబ్బాలో 'నీళ్ళు' అనీ, ఫలితం అన్న డబ్బాలో 'తడిసింది' అనీ రాసి చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఇంతేనా?" అంది పీటర్నెల్.

"డబ్బా నిండిపోయింది కదా టీచర్!"

"పద్దెనిమిది వందల మంది చనిపోయారు. తడిసింది, అంతేనా?"

"డబ్బా చిన్నది టీచర్. నేనేం చెయ్యను?"

అందులోనూ నిజముంది. ఆ నిజమే ఆవిడకు మరీ కోపం తెప్పించింది.

చివరి బల్ల దగ్గర టన్నె అసలు కాగితాన్నే తిప్పేసింది. వాళ్ళ నాన్నది ఆలిచిప్పలు పట్టే పడవ. ఆ పిల్ల అడిగితే తప్ప మాట్లాడదు, మాట్లాడితే మాత్రం వదలదు. వెనకవైపు తెల్ల భాగం మీద పొడుగ్గా ఒక గీత గీసి, దాని కింద సున్నా నుంచి ఇరవై నాలుగు దాకా గంటలు వేసింది. గీత మీదుగా నీళ్ళు ఒక అలలా పైకి లేచాయి, దిగాయి, మళ్ళీ ఇంకా పైకి లేచాయి. చిన్న చిన్న బొమ్మలతో చుక్కలు పెట్టింది. కుక్క, మెట్లు, రొట్టె. ఎర్ర చుక్కను మాత్రం రెండో అల నెత్తి మీద, పదిహేనున్నర దగ్గర, అంటే మధ్యాహ్నం మూడున్నర దగ్గర పెట్టింది.

పీటర్నెల్ వంగి చూసి, జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, ఆ చుక్క మీద ఇంటూ కొట్టింది.

"మూడున్నర అంటే రాత్రి మూడున్నర. ఇక్కడ పెట్టాలి," అని మొదటి అల మీద వేలు పెట్టింది.

"కాదనుకుంటా టీచర్."

"అనుకోవడమేంటి? కథ నాది. మా ఇంటిది."

"మరి రొట్టె ఎలా తెచ్చింది టీచర్, మీ అమ్మమ్మ?"

"కిందికి దిగి తెచ్చింది. చెప్పానుగా."

"ఏడో మెట్టు దాకా నీళ్ళుంటే వంటింట్లో బీరువా తెరుచుకోదు కదా. నీళ్ళు దిగాకే తెచ్చుండాలి. అంటే తెల్లారాక. రొట్టె తిన్నాకే కదా గోడ పడింది, మీరే చెప్పారు. సముద్రం పన్నెండున్నర గంటలకోసారి పైకొస్తుంది. మా వంటింట్లో ఆటుపోట్ల పట్టీ ఉంది."

"టన్నె, గోడ కూలింది రాత్రి."

"రాత్రైతే టోపీ ఎర్రగా ఎలా కనిపిస్తుంది? కరెంటు పోయింది కదా."

"వెన్నెల ఉంది," అంది పీటర్నెల్ కాస్త గట్టిగా. "ఆ రోజుల్లో పున్నమి."

"వెన్నెల్లో ఎరుపు నల్లగా కనిపిస్తుంది టీచర్. మా నాన్న పడవ మీంచి నేను చూశాను. నీళ్ళ మీద తేలే ఎర్ర బోయా కూడా నల్లగానే ఉంటుంది."

అదే సమయానికి సాండర్ తలుపు తోసుకుని రావాలా? వచ్చాడు. కాగితం చూసి, "అద్భుతం! ఇదీ కళ్ళతో ఆలోచించడమంటే! గురువారం దీన్నే గోడకి పెడదాం," అన్నాడు.

"తప్పుల తడక అది," అంది పీటర్నెల్.

"తప్పెక్కడుంది?"

పీటర్నెల్ ఆ కాగితాన్ని బల్ల మీంచి లాక్కుంది. వేలెడంత లేని పిల్ల తన ఇంటి కథను తనకే సరిదిద్దడమేమిటి? అది చూసి ఈ మహానుభావుడు చప్పట్లు కొట్టడమేమిటి? కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. బుధవారం మధ్యాహ్నం బడి ఉండదు. ఆ కథలో అటక మీద కూర్చున్న మనిషి ఇంకా బతికే ఉంది, సైకిలు మీద పావుగంట దూరంలో. ఆవిడ చేతే తప్పని చెప్పించి, గురువారం పొద్దున్న ఆ కాగితం టన్నె బల్ల మీద పెడితే సరిపోతుంది.

బుధవారం వాన అడ్డంగా కొడుతోంది. వృద్ధాశ్రమానికి చేరేసరికి పీటర్నెల్ ప్యాంటు ముందువైపంతా తడిసిపోయింది. ఆవిడ తల్లి, ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. కాఫీ పోసి, డబ్బాలోంచి ఒక బిస్కట్ తీసి ఇచ్చి, మూత గట్టిగా బిగించింది.

"ఏమే నెల్, ఈ వానలో పడి వచ్చావు? ఇవాళ నువ్వొచ్చే రోజు కాదుగా."

"బళ్ళో ఒక మొండిఘటం ఉందమ్మా. దాని నోరు మూయించడానికి వచ్చాను." కాగితం విప్పి తల్లి ఒళ్ళో పెట్టింది. "చూడు, మన వరదని డబ్బాల్లో పెట్టమన్నారు. అసలు ఎవరి బుర్రలో పుడతాయో ఇలాంటివి! దీన్ని చూడు, గోడ కూలిన టైముని తీసుకెళ్ళి మధ్యాహ్నం మీద పెట్టింది. తప్పని నువ్వొక్క మాట చెబితే, రేపు నువ్వే చెప్పావని చెబుతాను."

తల్లి కళ్ళజోడు పెట్టుకుంది. కుక్క దగ్గర మొదలుపెట్టి వేలితో గీత వెంట నడిచింది. మెట్ల దగ్గర ఆగింది. నీళ్ళు దిగిన పల్లంలో రొట్టె బొమ్మ మీద వేలు చాలాసేపు ఉంచింది. తర్వాత రెండో అల ఎక్కింది.

"ఈ ఎర్ర ఇంటూ ఎవరు కొట్టారు?"

"నేనే."

"తుడిచెయ్."

"పెన్నమ్మా అది, పోదు. తుడవడం దేనికి?"

"ఆ పిల్ల పెట్టిందే సరైంది గనక."

పీటర్నెల్ చేతిలో బిస్కట్ అలాగే ఉండిపోయింది. "నువ్వే కదమ్మా రాత్రని చెప్పావు!"

"నేను మూడున్నర అన్నాను. రాత్రి అన్నది నువ్వు." తల్లి కళ్ళజోడు తీసింది. ముసలావిడ గొంతులో ఏడుపు లేదు, విసుగుంది. "ముప్పై ఏళ్ళుగా ఊరందరి పిల్లలకీ చెబుతున్నావు. ఏ మూడున్నరే అమ్మా అని ఒక్కనాడైనా అడిగావా? టీచరువట!"

నోటితో చెప్పేటప్పుడు మూడున్నర అంటే సరిపోతుంది, వినేవాళ్ళు తమకు తోచిన మూడున్నర వేసుకుంటారు. గీత మీద పెట్టాలంటే మాత్రం రెండింట్లో ఏదో ఒకచోటే చుక్క పెట్టాలి. అది పెట్టేదాకా ఎవరూ అడగలేదు. బడిలో పిల్లలందరినీ ప్రశ్నలు అడగమని పోరే తను కూడా అడగలేదు.

"మీ అమ్మమ్మ నాకొకటే చెప్పింది," అంది తల్లి. "ఎవరైనా అడిగితే మూడున్నర అని చెప్పు. అబద్ధం చెప్పకు. అంతకు మించి కూడా చెప్పకు, అంది. మా ఇంట్లో అబద్ధమాడితే అన్నం లేకుండా పడుకోవాలి. నేను ఈనాటికీ ఆడలేదు."

"మించి చెప్పడానికి ఏముందమ్మా?"

తల్లి కిటికీ వైపు చూసింది. ఆశ్రమం వెనకే గట్టు, పచ్చగా, ఎత్తుగా, దాని మీద వానకు తోకలు తిప్పి నిలబడ్డ గొర్రెలు.

"పెన్సిలుందా?"

పీటర్నెల్ సంచీలో వెతికి ఇచ్చింది. తల్లి, నీళ్ళు బాగా దిగిపోయిన చోట, పదకొండు దగ్గర చిన్న చుక్క పెట్టింది.

"బండి ఇక్కడొచ్చింది. పక్క పొలం బోహెర్ట్‌ది. గుర్రం పొట్టదాకా బురద. మమ్మల్నందర్నీ ఎక్కమన్నాడు. చర్చి మెరక మీదుంది, అక్కడికి చేరిస్తే భయం లేదు. చోటుంది నెల్, నలుగురికీ చోటుంది. మీ తాతయ్యే వద్దన్నాడు. వచ్చిన నీళ్ళు పోయాయి, ఇక రావు, తలుపులు కొట్టుకుపోయిన ఇల్లు వదిలి ఎలా వస్తాను, రేపు చూద్దాం అన్నాడు. బోహెర్ట్ రెండుసార్లడిగి వెళ్ళిపోయాడు."

పీటర్నెల్ ఆ పెన్సిలు చుక్క మీదికి వంగింది.

"రాత్రి అంటే ఎవరి తప్పూ కాదు," అంది తల్లి. "రాత్రి ఎవరేం చెయ్యగలరు? మధ్యాహ్నం అంటే మాత్రం అందరూ ఆయన మొహమే చూస్తారు. ఆయన ఇంకా ముప్పై ఏళ్ళు బతకాలి కదా, అదే ఊళ్ళో. అదే చర్చిలో, అదే బెంచీ మీద."

పీటర్నెల్‌కు తాతయ్య గుర్తొచ్చాడు. తన పెళ్ళికి కూడా నవ్వని మనిషి. ఆయన స్వభావమే అంత అనుకుంది ఇన్నాళ్ళూ. ఆయన మీద కోపం రావాలి. రాలేదు. వచ్చిందల్లా తన మీదే. ఇరవై మూడు మంది పిల్లల్ని నలభై నిమిషాలు నోరు మెదపకుండా కూర్చోబెట్టగలిగినందుకు మురిసిపోయింది గానీ, వాళ్ళు నోరు మెదిపితే ఏమడుగుతారో ఒక్కసారీ వినలేదు.

"ఇప్పుడు ఏం చెయ్యనమ్మా? పాత కథే చెప్పనా?"

"నన్నడుగుతావేం? ఆ చుక్క ఉంచు. బాధపడటానికి ఇప్పుడు నేను తప్ప ఎవరున్నారు?" కళ్ళజోడు మళ్ళీ డబ్బాలో పెట్టుకుంది. "బిస్కట్ తిను. పట్టుకుని కూర్చుంటే మెత్తబడుతుంది."

గురువారం బోర్డు నుంచి ఇద్దరొచ్చారు. బూడిదరంగు కోటు ఆవిడ, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్న ఒకాయన. వాళ్ళ పక్కన, వెనక గోడకు ఆనుకుని సాండర్. గోడ నిండా చేప ముళ్ళు, సాలీళ్ళు, యోస్ట్ బుడగల చేప. పీటర్నెల్ రాత్రంతా సరిగా నిద్రపోలేదు. ఇంతమందిని ఒకేసారి విసుక్కునే ఓపిక కూడా ఆవిడకు లేదు.

పీటర్నెల్ టన్నె కాగితాన్ని నల్లబోర్డు మధ్యలో అంటించి, ఇంటూ మీద వేలు పెట్టింది.

"ఇది కొట్టింది నేను. తప్పు నాది. టన్నె పెట్టిన చుక్కే సరైంది. మా అమ్మ చెప్పింది."

పిల్లలంతా టన్నె వైపు తిరిగారు. టన్నె చెవులు ఎర్రబడ్డాయి, అంతే.

పీటర్నెల్ కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి గీత వెంట చెప్పింది. అలవాటైన చోట గొంతు తగ్గించబోయి, ఇంకా ఆ చోటు రాలేదని గుర్తొచ్చి ఆగింది. పదకొండు దగ్గరికి వచ్చేసరికి గీత మీది వేలు ఆగింది. 'మా తాతయ్య' అన్న మాట బయటికి రావడానికి రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. బండి వచ్చిందనీ, చోటుందనీ, ఆయన వద్దన్నాడనీ చెప్పింది. వెనక కోటు ఆవిడ గడియారం చూసుకుని, సాండర్ వైపు వంగి, "టీచర్ మాట పది నిమిషాలే అన్నారు కదా?" అంది.

"ఈ గంట ఆవిడది. కాస్త ఆగండి," అన్నాడు సాండర్. గుసగుసగానే అన్నాడు గానీ గదంతా వినబడింది.

యోస్ట్ చెయ్యెత్తాడు. "నీళ్ళు మళ్ళీ వస్తాయని ఆయనకి తెలీదా టీచర్?"

"తెలుసు. గట్టు పక్కన పుట్టినవాడు కదా. తెలుసు."

"మరెందుకు?"

"నాకు తెలీదు యోస్ట్. ఎవరూ అడగలేదు."

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ కథలో తనకు తెలియనిదొకటుందని ఆవిడ పిల్లల ముందు ఒప్పుకోవడం అదే మొదటిసారి. లాప్‌టాప్ ఆయన టైపు చెయ్యడం ఆపాడు.

చివరి బల్ల దగ్గర టన్నె లేచి నిలబడింది. చెయ్యెత్తడం కూడా మరచిపోయింది. కళ్ళు పదకొండు దగ్గర పెన్సిలు చుక్క మీదే ఉన్నాయి.

"టీచర్, అందరూ పడుకున్న బట్టలతోనే అటకెక్కారన్నారు కదా."

"అవును."

"మరి లేండర్ట్ నెత్తి మీదికి టోపీ ఎలా వచ్చింది?"

పీటర్నెల్ బోర్డు వైపు తిరిగింది.

"బండొచ్చిందని వాళ్ళమ్మ పెట్టుంటుంది," అంది టన్నె. "బయటికెళ్తున్నామని. తర్వాత వాడు తియ్యనివ్వలేదేమో. మా తమ్ముడూ అంతే, ఎక్కడికైనా వెళ్తున్నామంటే టోపీ తియ్యడు."

ముప్పై ఒక్కసార్లు ఆ టోపీని నీళ్ళ మీద తిప్పింది పీటర్నెల్. అది వాడి నెత్తి మీదికి ఎలా వచ్చిందో ఒక్కసారీ ఆలోచించలేదు. బోర్డు అంచు పట్టుకుని నిలబడింది. తర్వాత పిల్లల వైపు తిరిగింది. టన్నెను చేత్తోనే రమ్మని పిలిచి, పెన్సిలు ఇచ్చింది.

టన్నె వేళ్ళ మీద నిలబడి, పదకొండు గంటల చుక్క మీద చిన్న టోపీ గీసింది. ఎరుపు కావాలని వెనక్కి చూస్తే, యోస్ట్ తన రంగుల డబ్బా అప్పటికే బల్ల అంచుకు తోసి ఉంచాడు.